నమ్మాం, నమ్ముకున్నాం

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రిక విశాఖ పేజీలో ఒక చీటీల సంస్థ మూతపడిన వార్త వేశారు. 'ఖాతాదారుల విశ్వాసాన్ని సొమ్ము చేసుకున్నారు' అని హెడ్డింగు. ఆ ఖాతాదారుల్లో నేనూ ఒకణ్ణి. డబ్బు సంగతి ఇక్కడ రాయను, దానికి పోలీసు స్టేషన్లో వేరే ఫైలుంది. హెడ్డింగులోని ఆ మాట గురించే ఈ ఉత్తరం. మాకున్నది విశ్వాసం కాదండీ. విశ్వాసం కుక్కకుంటుంది.

ఇది కోపంతో అన్న మాట కాదు. ఇళ్ళల్లో ఆ మాట ఎలా పలుకుతుందో వినండి. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. చదివించి ఉద్యోగం వేయిస్తే విశ్వాసం లేకుండా పోయాడు అంటాం. తిన్నవాడు పెట్టినవాడికి చూపించాల్సింది అది. మా వీధి కుక్క నా వెనకాలే తిరగడం దాని విశ్వాసం. రాత్రి గేటు దాని మీద వదిలేసి నేను నిద్రపోవడం నా నమ్మకం. నెలనెలా పది వేలు కట్టింది మేము, తిన్నది వాళ్ళు. ఇక విశ్వాసం ఉండాల్సింది ఎవరికి? జ్ఞానాపురం చర్చికి వెళ్ళే నా పాత సహోద్యోగి దేవుడి మీద విశ్వాసం అంటాడు. అది వేరే, దానికి నేను అడ్డు చెప్పను. అవిశ్వాస తీర్మానం అనే మాట కూడా పాతుకుపోయింది, ఇక పీకలేం. 2025 ఏప్రిల్లో మన నగరపాలక సంస్థ జీవీఎంసీ మేయరు మీద ఆ తీర్మానం పెట్టినప్పుడు ఎవరు ఏ గుర్తు మీద గెలిచి ఎటు ఓటేశారో చూశాక, ఆ మాట మేయరు కంటే ఓటేసిన వాళ్ళలో కొందరికే బాగా అతికిందనిపించింది.

ఇంగ్లీషులో 'ట్రస్ట్' అని ఒక్క మాట పెట్టుకుని వాళ్ళు నాలుగైదు పనులు చేయించుకుంటారు. అది కనబడగానే మీ డెస్కులో 'విశ్వాసం' అని దించేస్తున్నారని నా అనుమానం. ఆ మాటతో నాకు 34 ఏళ్ళ పరిచయం, ఎందుకంటే జీతం తీసుకున్నది విశాఖపట్నం పోర్టు ట్రస్టులో. 1963 నాటి చట్టం కింద పోర్టుని నడిపింది ట్రస్టీల బోర్డు. అక్కడ ట్రస్టు అంటే నమ్మకమూ కాదు, విశ్వాసమూ కాదు. నలుగురి ఆస్తిని తనది కాదని తెలిసి కాపాడే పని. దానికి మనకి చక్కటి మాట ఉంది, ధర్మకర్త. సింహాచలం దేవస్థానానికి విజయనగరం పూసపాటి వారు అనువంశిక ధర్మకర్తలు అంటే, కొండ వాళ్ళదని ఎవరూ అనుకోరు. 2021లో కొత్త చట్టం వచ్చి పోర్టు ట్రస్టులన్నీ పోర్టు అథారిటీలయ్యాయి. గేటు మీద పేరు బోర్డు మార్చిన రోజుల్లో మా పెన్షనర్లలో ఒకాయన, 'నమ్మకం తీసేసి అధికారం తగిలించార్రా' అన్నాడు. టీ తాగుతూ అందరం నవ్వుకున్నాం. నా పెన్షన్ పుస్తకం మీద మాత్రం ఇంకా ట్రస్టు అనే ఉంది.

అసలు సంగతికి వస్తాను. తెలుగులో నమ్మడం ఒకటి, నమ్ముకోవడం ఇంకొకటి. ఈ తేడా నాకు తెలుగు పుస్తకం చెప్పలేదు, జాలారిపేట మనిషి చెప్పాడు. పోర్టులో నాతో పనిచేసినవాడు, అన్నదమ్ములంతా వేటకి వెళ్ళేవాళ్ళు. ఓసారి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, 'మీరు సముద్రాన్ని ఎలా నమ్ముతార్రా' అని అడిగాను. 'గంగమ్మని నమ్ముతామని ఎవరన్నారు బాబూ? నమ్ముకున్నాం' అన్నాడు. నమ్మితే నడుముకి తాడు కట్టుకోకుండా దిగేవాళ్ళట. ఇంట్లో ఐదుగురి కడుపు అక్కడే నిండాలి కాబట్టి నమ్ముకున్నారు, అంతే. 'కొను' చేరితే పని తిరిగి మన మీదికే వస్తుంది. వండడం ఎవరికోసమైనా వండొచ్చు, వండుకోవడం మన కంచం కోసమే. నమ్మిన మాట తప్పని తేలితే మనసు నొచ్చుకుంటుంది. నమ్ముకున్నది పోతే పొయ్యి ఆరిపోతుంది.

చీటీ సంగతీ అంతే. రెండు లక్షల చీటీ, 20 నెలలు. ఎత్తకుండా 14 నెలలు కట్టాం, ఆఖర్న తీసుకుని మా ఆవిడ కంటి ఆపరేషన్‌కీ మేడ మీద లీకేజీకీ వాడదామని. ఫిర్యాదు రాసేటప్పుడు నేను 'మేము ఆ సంస్థను నమ్మి' అని మొదలుపెట్టాను. పక్కనుంచి ఆవిడ, 'నమ్మారా మీరు? మొదటి నెల నుంచీ అనుమానమే కదా. నమ్ముకున్నాం అని రాయండి' అంది. నిజమే. 1982 చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టే ముందే రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసి హామీ కట్టాలని నాకు తెలుసు. ఆ కాగితం చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు. తెలిసిన ఏజెంటు, అడిగితే బాధపడతాడని మొహమాటం. తెలుగువాళ్ళ డబ్బు మోసగాళ్ళు తిన్నది తక్కువ, మొహమాటం తిన్నది ఎక్కువ.

నమ్మకం ఎలా ఉంటుందో నేను చూడకపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక కంచరపాలెంలో మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఏటీఎంలు పనిచేయలేదు, చేతిలో రెండు వందలున్నాయి. వీధి చివర కిరాణా కొట్టాయన బియ్యం, కొవ్వొత్తులు, పాలపొడి ఇచ్చి, పాత స్కూలు నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకున్నాడు. సంతకం అడగలేదు. ఆయన తల మీద 'అప్పు రేపు' అన్న బోర్డు వేలాడుతూనే ఉంది, దాని కింద నిలబడే వీధి వీధంతా అప్పు రాయించుకున్నాం. ఆయన మమ్మల్ని నమ్మాడు, నమ్ముకోలేదు. ఒక ఇల్లు ఎగ్గొట్టినా కొట్టు మునిగేది కాదు, ఆ లెక్క ఆయనకి తెలుసు. మీకు హెడ్డింగులో విశ్వాసం అన్న మాట తప్పనిసరిగా కావాలంటే ఇక్కడ వాడండి. ఇవాళ్టికీ మేము పప్పు ఉప్పు ఆ కొట్లోనే కొంటాం, సూపర్ బజారులో చవకని తెలిసినా.

ఇంకో మాట, భరోసా. అది ఇచ్చేది. మంత్రిగారు భరోసా ఇచ్చారు అని రాయండి, బాగుంటుంది. 'నమ్మకం ఇచ్చారు' అని ఈ మధ్య రెండుసార్లు రాశారు. నమ్మకం ఇస్తే వచ్చేది కాదు, కుదరాలి. కుదరడానికి టైము పడుతుంది, పెళ్ళి సంబంధంలాగే.

బంగారం కొట్ల ప్రకటనల్లో 'నమ్మకానికి మారుపేరు' అని అరపేజీ వేస్తారు, అది మీరు రాసింది కాదని తెలుసు, డబ్బు తీసుకుని వేసిందే. మా చీటీల సంస్థ ఇచ్చిన క్యాలెండరు కింద కూడా అదే మాట ఎర్రక్షరాల్లో ఉంది. తీసి అవతల పారెయ్యమన్నాను. పాలవాడి లెక్కంతా దాని మీదే రాశాను, డిసెంబరు దాకా కదపొద్దంది మా ఆవిడ.

ఇట్లు,
పోర్టు పెన్షనరు ఒకరు,
కంచరపాలెం, విశాఖపట్నం.