150 అని అమ్మి 90 ఇచ్చే బ్యాటరీ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇన్వర్టర్ బ్యాటరీ బ్యాకప్ గురించి మీ కరపత్రంలో వేసిన తప్పుడు లెక్క – పెద్ద బ్యాటరీ లేదా డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

నేను నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. ఎండాకాలం మొదట్లో మీ డీలరు దగ్గర 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందన్న లెక్క) ట్యూబ్యులర్ బ్యాటరీ, దానికి సరిపడే ఇన్వర్టర్ కొన్నాను. బిల్లు, మీ కరపత్రం ఫోటో, మీ సర్వీస్ అబ్బాయి రాసిచ్చిన జాబ్ కార్డు జత చేస్తున్నాను.

కరపత్రంలో 'నాలుగు ఫ్యాన్లు, అయిదు ట్యూబ్‌లైట్లు, నాలుగున్నర గంటల బ్యాకప్' అని పెద్ద అక్షరాల్లో వేశారు. కింద లెక్క కూడా చూపించారు. 12 వోల్టులను 150తో గుణిస్తే 1,800 వాట్-అవర్లు, దాన్ని 400 వాట్ల లోడుతో భాగిస్తే నాలుగున్నర గంటలు. మా హాల్లో ఉన్నదీ అచ్చంగా అదే లోడు. రాత్రంతా ఛార్జింగ్ ఎక్కిన బ్యాటరీ కూడా, కరెంటు పోయాక రెండుంపావు గంటలు తిరిగేసరికి కీకీమని అరిచి ఆగిపోతోంది. పల్నాడు ఎండల్లో రేకుల కప్పు కింద నలభై మంది పిల్లలను కూర్చోబెట్టి ఫ్యాన్లు ఆగిపోతే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఫిర్యాదు చేస్తే మనిషిని పంపారు, అందుకు సంతోషం. ఆ అబ్బాయి ఆరు మూతలూ విప్పి, ఒక్కో సెల్లులో హైడ్రోమీటర్ పెట్టి చూశాడు. యాసిడ్ గాఢత చెప్పే గ్రావిటీ అన్నిట్లోనూ 1240 చూపించింది, అంటే ఛార్జింగ్ నిండుగా ఉన్నట్టే. 'బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది సార్, ఇంత లోడు పెడితే టైమెక్కడొస్తుంది?' అన్నాడు. జాబ్ కార్డు మీద 'బ్యాటరీ ఓకే, వారంటీ వర్తించదు' అని రాసి వెళ్లాడు.

అతను చెప్పింది నిజమే. నా గొడవ కూడా అదే. లోపం బ్యాటరీలో లేదు, మీరు వేసి చూపించిన లెక్కలో ఉంది.

బ్యాటరీ పక్కన చిన్న అక్షరాల్లో 'సీ20' అని ఉంది. అంటే 7.5 ఆంపియర్ల చొప్పున నిదానంగా తీసుకుంటే 20 గంటలు వస్తుంది, అలా తీసుకున్నప్పుడే 150. అది కూడా 27 డిగ్రీల దగ్గర, 10.5 వోల్టులకు పడేదాకా. మా 400 వాట్లకు ఇన్వర్టర్‌లో పోయే నష్టం కూడా కలిపితే బ్యాటరీ నుంచి లాగేది సుమారు 40 ఆంపియర్లు. రెండుంపావు గంటలకు 90 ఏహెచ్. మిగతా 60 ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి. అంత వేగంగా లాగుతుంటే ప్లేట్ల సన్నని రంధ్రాల్లోకి యాసిడ్ అందదు, వోల్టేజి ముందే పడిపోతుంది. జర్మనీలో పాయ్‌కెర్ట్ అనే శాస్త్రవేత్త దీనికి సూత్రం కట్టింది 1897లో. నూట పాతికేళ్ల పైబడిన విషయం మీ కరపత్రం రాసినవారికి తెలియదంటే నేను నమ్మను. మా పిల్లలు జవాబు పక్కన యూనిట్ రాయకపోతేనే అరమార్కు కోస్తాం. మీరు ఏ రేటు మీద అన్నది వదిలేసి 150ని ఎడాపెడా గుణించేశారు.

అంకె వేస్తే ఏ కొలత దగ్గరో కూడా చెప్పాలి, శ్రీశైలం డ్యాం సంగతి చూడండి. రోజూ పేపర్లో 885 అడుగుల దగ్గర 215.81 టీఎంసీలు అని నీటిమట్టంతో కలిపి వేస్తారు. డ్యాం కట్టినప్పుడు అది 308 టీఎంసీలు. పూడిక చేరింది, కొలిచారు, అంకె తగ్గించారు. సాగర్ కూడా 408 నుంచి 312కి దిగింది. పాత అంకెనే పట్టుకుని కాలువలకు నీళ్లు పంచితే చివరి ఆయకట్టు రైతు ఊరుకుంటాడా? మా అపార్ట్‌మెంట్ లిఫ్టు మీద కూడా ఎనిమిది మంది అని వదిలేయకుండా, పక్కనే 544 కిలోలు అని రాసి ఉంది.

మీ డీలరును అడిగితే 'అందరూ అలాగే వేస్తారండీ' అన్నాడు. వేస్తే వేయనివ్వండి, నేను కొన్నది మీ సరుకు.

నేను కోరేది ఇది. కరపత్రంలో చెప్పిన బ్యాకప్ ఇదే లోడు మీద వచ్చేంత బ్యాటరీని అదనపు డబ్బు అడగకుండా మార్చి ఇవ్వండి. కుదరదంటే బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము ఇవ్వండి. కొంతకాలం వాడారు కాబట్టి ప్రో-రేటా కోత అంటే ఒప్పుకోను, అది చెడిపోయిన బ్యాటరీకి పెట్టుకున్న నియమం. కరపత్రం కూడా మార్చండి. 400 వాట్లకు ఎంతసేపు, 200 వాట్లకు ఎంతసేపు అన్నది గుణకారం చేసి కాకుండా మీ ఫ్యాక్టరీలో నడిపి చూసిన టైమే వేయండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనగా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. అయిదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు. 1915 హెల్ప్‌లైన్‌లో ఇప్పటికే ఫిర్యాదు నమోదు చేయించాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
నరసరావుపేట

జతపరచినవి: బిల్లు నకలు, కరపత్రం ఫోటో, జాబ్ కార్డు.