మెరుపులు చూడనివ్వండి, తలుపులు వేసుకుని

తల్లిదండ్రులకు నమస్కారం.

రేపటి నుంచి వేసవి సెలవులు. వడదెబ్బ గురించి, చెరువులో ఈతల గురించి ఏటా చెప్పేదే, మళ్లీ చెప్పను. ఈసారి ఉత్తరం పిడుగుల గురించి. సెలవుల్లో మెరుపుల ఫోటోలు తీసి బడి గోడ మీద అతికిస్తామని తొమ్మిదో తరగతి పిల్లలు అడిగారు. కాదనబుద్ధి కాలేదు. కానీ వాళ్లలో ఒకరు "మేడెక్కి తీస్తాం సార్" అన్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర వాన తీరు మీకు తెలిసిందే. మధ్యాహ్నం దాకా మాడు పగిలే ఎండ, నాలుగింటికి ఒక మూల నల్లబడటం, దుమ్ము లేపుతూ ఈదురుగాలి, ఆ వెనకే ఉరుములు. కాలిన నేల మీది వేడిగాలి, సముద్రం మీద నుంచి వచ్చిన తేమను వెంటేసుకుని పైకి లేచి 12 కిలోమీటర్లకు మించిన ఎత్తున్న మేఘాన్ని కడుతుంది. ఆ మేఘంలో మంచు పలుకులు, చిన్న చిన్న వడగళ్లు రాసుకుని విద్యుత్తు పోగవుతుంది. మెరుపు వెళ్లిన దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల వరకు వేడెక్కి ఒక్కసారిగా ఉబ్బుతుంది. మనకు వినిపించే ఉరుము అదే.

దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. ఎక్కువ మంది పొలాల్లో, చెట్ల కింద ఉన్నవాళ్లే. మన పిల్లల్ని ఆ టైములో బయటికి లాగేవి రెండు: గాలికి రాలిన మామిడికాయలు, కల్లంలో వడ్లు. కాయలు ఎక్కడికీ పోవు, వాన వెలిశాక ఏరుకోవచ్చు. వడ్లు తడిస్తే ఎంత నష్టమో నాకూ తెలుసు. అయినా ఉరుముతుంటే టార్పాలిన్ పట్టుకోవడానికి పిల్లల్ని పంపకండి, మీరూ వెళ్లకండి. మబ్బు కనిపించగానే కప్పేసుకోండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ల 'దామిని' యాప్ మన చుట్టుపక్కల పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఇంట్లో ఒక్కరి ఫోన్‌లోనైనా ఉంచుకోండి.

ఉరిమితే "అర్జునః ఫల్గుణః పార్థః" అని చదివే అలవాటు చాలా ఇళ్లలో ఇంకా ఉంది. మానక్కర్లేదు, దానితో దూరం కొలవచ్చు. మెరుపు కనబడగానే మొదలుపెట్టి "సవ్యసాచీ ధనంజయః" దాకా నిదానంగా చదివితే దాదాపు పది సెకన్లు పడుతుంది. శబ్దం మూడు సెకన్లకు ఒక కిలోమీటరు వస్తుంది కాబట్టి, శ్లోకం ముగిశాక ఉరిమితే ఆ మెరుపు మూడు కిలోమీటర్ల అవతలిది. అదేమంత దూరం కాదు, తర్వాతి పిడుగు మన వీధిలోనే పడొచ్చు. అసలు ఉరుము వినిపించిందంటేనే ఇంట్లోకి వచ్చేయాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా గడప దాటకూడదు. రేకుల షెడ్డు, పందిరి, నాలుగు వైపులా తెరిచి ఉన్న బస్ షెల్టర్ ఇల్లు కిందికి రావు.

ఇక ఫోటోలు. కిటికీ తలుపు వేసి, అద్దానికి రెండు మూడు అడుగులు వెనక్కి స్టూలు వేసి, దాని మీద ఫోన్ నిలబెట్టాలి. కిటికీ ఇనుప ఊచలు, కుళాయిలు ముట్టుకోకూడదు. ఛార్జర్ తీసేయాలి. ఫోన్ పిడుగును లాగుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు, ప్రమాదం గోడ ప్లగ్గుకు తగిలించిన వైరుతోనే. గదిలో లైటు ఆర్పేయండి, లేకపోతే అద్దంలో మీ ట్యూబ్‌లైటే పడుతుంది. మెరుపు చూసి బటన్ నొక్కితే దొరకదు. వీడియో పెట్టి వదిలేసి, తర్వాత నెమ్మదిగా తిప్పుతూ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. స్లో మోషన్‌లో చూస్తే ఒకే దారిలో మూడు నాలుగు సార్లు వెలగడం కనిపించవచ్చు, మెరుపు రెపరెపలాడినట్టు అనిపించేది అందుకే. ఫ్రేములో సగం తెల్లగా, సగం చీకటిగా వస్తే ఫోన్ పాడైందనుకోకండి. ఫోన్ కెమెరా దృశ్యాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది, మధ్యలో మెరిస్తే అలాగే వస్తుంది. కెమెరా ఉన్నవాళ్లు స్టాండ్ మీద పెట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత చురుగ్గా పట్టాలో చెప్పే అంకె) 100, షట్టర్ పది పదిహేను సెకన్లు తెరిచి ఉండేలా పెట్టి చీకటి పడ్డాక ప్రయత్నించవచ్చు. దీనికోసం మాత్రం కొత్త ఫోన్ కొనకండి, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

1882లో ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ మెరుపును ఫోటో తీశారు. తొలి మెరుపు ఫోటోల్లో అదొకటి. అప్పటిదాకా చిత్రకారులు మెరుపును మెలికల గీతగా వేసేవారు, ఫోటోలో చూస్తే కొమ్మలు కొమ్మలుగా ఉంది. మన పిల్లలు ఇప్పటికీ ట్రాన్స్‌ఫార్మర్ బోర్డు మీది గుర్తులాగే గీస్తారు. అందుకని ఒక పని ఇస్తున్నాం: ముందు మనసులో ఉన్న మెరుపును గీయాలి, తర్వాత చూసిన దాన్ని గీయాలి. ఫోన్ లేని పిల్లలకు ఇదే చాలు. నాకైతే ఫోటోల కన్నా ఈ బొమ్మల మీదే ఆసక్తి.

ఒక్క మాట మరిచిపోవద్దు. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే గుండె మీద నొక్కడం మొదలుపెట్టండి.

బొమ్మల వెనక పేరు, తరగతి, తేదీ, చూసిన సమయం రాయించండి. ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. బడి తెరిచిన వారంలోపు క్లాస్ టీచర్‌కు అందితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు