నాన్న కాలు కాపాడిన అందరికీ కృతజ్ఞతలు

నాన్న కాలికి నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ వచ్చింది, అంటే చర్మం కింద కండరం మీది పొరని వేగంగా చంపేసే ఇన్ఫెక్షన్. ఆపరేషన్లయ్యాక స్కిన్ గ్రాఫ్టింగ్ (గాయం మీద చర్మం అతికించడం) కూడా అయిపోయింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. అప్పటి టెన్షన్‌లో ఎవరికీ నోరారా థ్యాంక్స్ చెప్పలేదు, అందుకే ఈ పోస్ట్.

ముందుగా క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ మేడమ్‌కి. పైకి చూస్తే కాలు కాస్త ఎర్రబడి వాచింది, అంతే. కానీ నాన్న దుప్పటి తగిలినా తట్టుకోలేక అరుస్తున్నారు, పైగా షుగర్ పేషెంట్, ఒళ్లు కాలిపోతోంది. కనబడే వాపుకీ ఈ నొప్పికీ పొంతనే లేదని మేడమ్‌కి వెంటనే అనుమానం వచ్చింది. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టించి, సర్జన్‌ని పిలిపించి, ఆయన వచ్చేలోపే సీటీ స్కాన్‌కి పంపారు. బీపీ నిలకడగా ఉంది కాబట్టే స్కాన్, పడిపోతే స్కాన్ కోసం ఆగం, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే అని మాకు ముందే చెప్పారు.

రిపోర్ట్ టైప్ అయ్యేదాకా కూర్చోకుండా సర్జన్‌కి ఫోన్ చేసి చెప్పిన రేడియాలజిస్ట్ గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. తర్వాత ఓపిగ్గా ఆ స్కాన్ నాకు చూపించారు కూడా. సీటీ కొలతలో నీళ్లని 0 అనుకుంటే కొవ్వు మైనస్ 100 దగ్గర, గాలి మైనస్ 1000 దగ్గర ఉంటాయట, మామూలుగా చూస్తే రెండూ నల్లగానే కనిపించి కలిసిపోతాయి. ఊపిరితిత్తులు చూసే సెట్టింగ్‌కి మార్చగానే కొవ్వు బూడిదరంగులోకి వెళ్లిపోయి, కండరం మీది పొర వెంబడి చిన్న చిన్న నల్ల చుక్కలు మిగిలాయి, అవే గ్యాస్ బుడగలు. అంతకుముందు తీసిన ఎక్స్‌రేలో అవేవీ లేవు. స్కాన్‌లో రక్తం అందే చోట్లు మెరిసేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించినా ఆ పొర కొన్నిచోట్ల మెరవలేదు, అంటే అక్కడికి రక్తం అందడం లేదన్నమాట.

ఆయన చెప్పిన ఇంకో మాట ఇంట్లో షుగర్ పేషెంట్లున్న వాళ్లందరికీ తెలియాలి. ఈ నెక్రోటైజింగ్ ఫాసియైటిస్‌లో గ్యాస్ అందరికీ కనబడదు, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చినప్పుడు చాలాసార్లు ఉండదు. అనుమానం గట్టిగా ఉంటే, స్కాన్‌లో గ్యాస్ లేదన్నంత మాత్రాన వదిలేయకూడదు, కోసి చూడాల్సిందే.

ఆ రాత్రే కోసి చూసిన సర్జన్ గారికి, ఆయన టీమ్‌కి పాదాభివందనాలు. వేలు పెడితే పొర పట్టు లేకుండా విడిపోయిందట, రక్తం కూడా రాలేదట, మురికి నీళ్లలాంటి ద్రవం మాత్రం వచ్చిందట. చచ్చిన భాగమంతా తీసేశారు, మర్నాడు మళ్లీ తెరిచి ఇంకా ఏమైనా మిగిలిందేమోనని చూశారు. కాలే తీసేయాల్సి రావచ్చని సంతకం పెట్టించుకున్నారు, ఆ కాలు మీదే నాన్న ఇవాళ నిలబడ్డారు.

ఐసీయూ సిస్టర్లకి, అర్ధరాత్రి వచ్చి రక్తం ఇచ్చిన వాళ్లకి కూడా పేరుపేరునా కృతజ్ఞతలు. డ్రెస్సింగ్ మార్చే ప్రతిసారీ నొప్పి ఇంజెక్షన్ పనిచేసేదాకా ఆగి, నాన్నతో కబుర్లు చెబుతూ మార్చిన సిస్టర్ గారిని ఆయన ఇప్పటికీ అడుగుతున్నారు. ఈ పోస్ట్ కనబడితే ఒకసారి ఫోన్ చేయండమ్మా.