కెమెరాకు స్టిక్కర్ సరే, మైకు సంగతేమిటి?

సంపాదకులకు,

ల్యాప్‌టాప్ కెమెరా మీద చిన్న టేపు ముక్క అంటించుకుంటే చాలు, ఇక ఎవరూ మనల్ని చూడలేరు, వినలేరు అన్న ధోరణిలో సలహాలు తరచూ కనబడుతున్నాయి. చూడలేరన్నది నిజం. వినలేరన్నది నిజం కాదు. 2016లో మార్క్ జుకర్‌బర్గ్ పెట్టిన ఒక ఫొటోలో, వెనకాల బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌కు కెమెరా దగ్గరా మైకు దగ్గరా టేపు కనిపించి పెద్ద వార్తయింది. ఆ రెండు టేపుల్లో మొదటిది పనికొస్తుంది, రెండోది దాదాపు ఎందుకూ పనికిరాదు. ఈ తేడా తెలియక జనం ఉత్తుత్తి ధీమాతో ఉండిపోతున్నారన్నదే మా బాధ.

ముందు కెమెరా. దాని పక్కన వెలిగే లైటును నమ్మవచ్చా అంటే, దాన్ని ఎలా అమర్చారన్న దాని మీద ఉంటుంది. చిత్రాన్ని పట్టే సెన్సర్‌కు వెళ్లే కరెంటే లైటుకూ వెళ్తుంటే, లైటు వెలగకుండా కెమెరా నడవదు. మరో సంకేతానికి కట్టేసి ఉంటే మాత్రం మోసానికి దారి దొరుకుతుంది. 2008 దాకా వచ్చిన కొన్ని మ్యాక్‌బుక్‌లలో లైటును సెన్సర్ ‘స్టాండ్‌బై’ సంకేతానికి, అంటే సెన్సర్‌ను విరామంలో ఉంచే సంకేతానికి కలిపారు. ఆ సంకేతాన్ని సెన్సర్ పట్టించుకోకుండా కెమెరా ఫర్మ్‌వేర్‌ను (కెమెరా లోపల నడిచే ప్రోగ్రామును) మార్చేసి, లైటు వెలగకుండానే వీడియో తీయవచ్చని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చేసి చూపించారు. అందుకే లైటు కన్నా మూతే నయం.

మూత పెట్టడంలోనూ తప్పులు జరుగుతున్నాయి. అటూ ఇటూ జరిపే ప్లాస్టిక్ మూతలు బాగా అమ్ముడవుతున్నాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో తెరకూ కీబోర్డుకూ మధ్య ఖాళీ చాలా తక్కువ. మూత ఉండగా ల్యాప్‌టాప్ మూస్తే ఒత్తిడంతా ఆ ఒక్క చోటే పడి తెర పగలవచ్చు. మ్యాక్‌బుక్‌కు మూత పెట్టి మూయొద్దని యాపిల్ కంపెనీయే చెబుతోంది. తప్పనిసరైతే మందం 0.1 మిల్లీమీటరు, అంటే మామూలు ప్రింటర్ కాగితమంత, దాటకూడదంటోంది. కాబట్టి నల్లటి పల్చటి కాగితం ముక్కే మంచిది. అంచులకు మాత్రమే జిగురు తగలాలి, లెన్సు మీద పడే చోట జిగురు ఉండకూడదు. లేకపోతే తీసిన తర్వాత చిత్రం మసకగా వస్తుంది. ముక్క మరీ పెద్దదైతే పక్కనే ఉండే వెలుతురు సెన్సర్ కూడా మూసుకుపోయి తెర దానంతటదే డల్ అయిపోతుంది. అంటించాక కెమెరా యాప్ తెరిచి, టార్చి వెలుగు దగ్గరగా పెట్టి చూడండి. తెర పూర్తిగా నల్లగా ఉండాలి.

ముఖం చూసి లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్‌లలో మామూలు కెమెరా పక్కనే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కెమెరా ఇంకొకటి ఉంటుంది. దాన్ని చాలామంది గమనించరు. మన కంటికి నల్లగా కనిపించే కొన్ని ప్లాస్టిక్‌లు పరారుణ కాంతిని హాయిగా పోనిస్తాయి. కాగితం లోపలివైపు వంటింటి అల్యూమినియం రేకు ముక్క పెడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అప్పుడు ముఖంతో లాగిన్ కుదరదు, పిన్ వాడుకోవాలి.

ఇక మైకు. అసలు చిక్కంతా ఇక్కడే. ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో వాడే మైకు సుమారు మూడు నాలుగు మిల్లీమీటర్ల చిప్పు. మిల్లీమీటరు కూడా లేని రంధ్రం వెనకాల అది కూర్చుని ఉంటుంది. పైగా ఒకటి కాదు. ఫోన్లో అడుగున ఒకటి, పైన ఒకటి, చాలా మోడళ్లలో వెనక కెమెరా దగ్గర మరొకటి ఉంటాయి. టేపు వేస్తే ఏమవుతుంది? కీచుగా ఉండే పై స్థాయి ధ్వనులు కొంత తగ్గుతాయి, గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది, అంతే. శబ్దం పరికరం పెట్టె గుండా కూడా లోపలికి చేరుతుంది. తగ్గిన శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ దానంతటదే పెంచుకుంటుంది. అనుమానముంటే కనిపించిన రంధ్రాలన్నిటికీ టేపు వేసి, మీటరు దూరం నుంచి మామూలుగా మాట్లాడి, వాయిస్ రికార్డర్‌లో వినండి. మాటలు చాలావరకు అర్థమవుతాయి. రంధ్రంలో సూది, గుండుసూది మాత్రం పెట్టకండి. లోపలి పొర మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) కొలిచేంత పల్చన. అది చిరిగితే ఫోన్లో మాట్లాడటమే కుదరదు, మిగతా మైకులేమో వింటూనే ఉంటాయి.

పాత హెడ్‌సెట్ తీగ కత్తిరించి, 3.5 మిల్లీమీటర్ల పిన్నును జాక్‌లో పెడితే మైకు ఆగిపోతుందన్న చిట్కా కూడా బాగా తిరుగుతోంది. పిన్ను మీద మూడు నల్ల గీతలుంటేనే దానికి మైకు తీగ ఉన్నట్టు. రెండే ఉంటే అది ఉత్త ఇయర్‌ఫోను పిన్ను, పరికరం తన మైకునే వాడుకుంటుంది. మూడు గీతలున్నా, తీగ కత్తిరించాక మైకు కాంటాక్టుకూ గ్రౌండుకూ మధ్య ఉండాల్సిన నిరోధకత (రెసిస్టెన్స్) ఉండదు, కాబట్టి బయటి మైకు తగిలించినట్టు చాలా పరికరాలు గుర్తించవు. పోనీ గుర్తించాయనే అనుకుందాం. లోపలి మైకు తీగ తెగిపోలేదు కదా. ఏ మైకు వాడాలో ఎంచుకునేది సాఫ్ట్‌వేర్. దురుద్దేశంతో రాసిన ప్రోగ్రాం జాబితాలోంచి లోపలి మైకునే ఎంచుకుంటుంది. ఈ చిట్కా పొరపాటున జరిగే రికార్డింగును ఆపగలదేమో గానీ, కావాలని వినేవాణ్ని ఆపలేదు. ఇంకో మాట. హెడ్‌ఫోను కూడా మైకులా పనిచేయగలదు. కంప్యూటర్‌లోని ఆడియో చిప్పుకు చెప్పి, శబ్దం బయటికి పంపే జాక్‌ను శబ్దం లోపలికి తీసుకునేదిగా మార్చవచ్చని ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో నిరూపించారు. మైకు తీసేసిన డెస్క్‌టాప్‌కు హెడ్‌ఫోన్లు తగిలించి వదిలేయడం మంచిది కాదు.

మరి ఏది పనిచేస్తుంది? డెస్క్‌టాప్ అయితే సులువు. యూఎస్‌బీ కెమెరా, మైకు పని అయ్యాక ఊడదీసేయండి. దీన్ని మించిన ఉపాయం లేదు. ల్యాప్‌టాప్‌లో ముందు బయోస్ సెటప్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లి చూడండి. ఆఫీసు వాడకానికి అమ్మే మోడళ్లు చాలావాటిలో కెమెరాను, మైకును విడివిడిగా ఆపే వీలుంటుంది. ఆపాక బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో ఆపితే అంత గట్టిది కాదు, అడ్మిన్ అధికారం దొరికిన ప్రోగ్రాం దాన్ని మళ్లీ ఆన్ చేసేస్తుంది. విండోస్ ప్రైవసీ సెట్టింగులకూ ఒక పరిమితి ఉంది. స్టోర్ నుంచి దించుకున్న యాప్‌లకు విడివిడిగా వద్దనవచ్చు. మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒకే స్విచ్చు ఉంటుంది, దానికి కూడా లొంగని ప్రోగ్రాములు ఉండవచ్చు. ల్యాప్‌టాప్ విప్పి తీగ ఊడదీయడం అన్నిటికన్నా ఖాయమైన పద్ధతి. కానీ కొన్ని మోడళ్లలో కెమెరా, మైకు, తెర తీగలు ఒకే కేబుల్‌లో వస్తాయి. సర్వీస్ మాన్యువల్ చూడకుండా, ముందు బ్యాటరీ కనెక్టర్ తీయకుండా చేయి పెట్టకూడదు. 2018 నుంచి యాపిల్ సొంత భద్రతా చిప్పు టీ2తో వచ్చిన మ్యాక్‌బుక్‌లలో ల్యాప్‌టాప్ మూయగానే మైకు హార్డ్‌వేర్ స్థాయిలోనే తెగిపోతుంది. ఇలాంటి ఏర్పాటు అన్ని కంపెనీలూ ఎందుకు చేయవో మాకు అర్థం కాదు.

ఫోన్లో టేపులతో కుస్తీ పట్టే కన్నా అనుమతులు సరిచూసుకోవడం మేలు. ఐఫోన్లో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి మైకు వాడుతుంటే నారింజ చుక్క, కెమెరా వాడుతుంటే ఆకుపచ్చ చుక్క పైన కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో 2021లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఆకుపచ్చ గుర్తు వస్తోంది. అదే వెర్షన్ నుంచి పైనుంచి కిందికి లాగే క్విక్ సెట్టింగుల్లో మైకుకు, కెమెరాకు స్విచ్చులు పెట్టుకోవచ్చు. అవి ఆపితే యాప్‌లకు నిశ్శబ్దం, ఖాళీ చిత్రం మాత్రమే అందుతాయి. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే మైకు దానంతటదే తెరుచుకుంటుంది, భయపడక్కర్లేదు. ఆ తర్వాత పర్మిషన్ మేనేజర్‌లో మైక్రోఫోన్ జాబితా తెరవండి. టార్చి యాప్‌కు, ఆటలకు, వాల్‌పేపర్లకు మైకుతో పనేముంది? తీసేయండి. అప్పుడప్పుడు వాడేవాటికి ‘ప్రతిసారీ అడగాలి’ అని పెట్టండి. ఎవరు ఎప్పుడు విన్నారో ప్రైవసీ డ్యాష్‌బోర్డు చెబుతుంది. ఐఫోన్లో యాప్ ప్రైవసీ రిపోర్ట్ ఆన్ చేసుకుంటే ఏడు రోజుల లెక్క ఉంటుంది.

అయితే ఈ చుక్కలూ స్విచ్చులూ చూపించేది ఆపరేటింగ్ సిస్టమే. సిస్టమ్‌నే చేతిలోకి తీసుకునే పెగాసస్ వంటి స్పైవేర్ (దొంగచాటుగా నిఘా వేసే ప్రోగ్రాం) ముందు వాటిని నమ్ముకోలేం. అంతటి ముప్పు ఉన్నవారు కీలకమైన మాటలప్పుడు ఫోన్‌ను మరో గదిలో వదిలి తలుపు వేసి రావాలి. స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకుంటే సరిపోదు.

ఎక్కువమందికి ముప్పు అంత దూరం నుంచి రాదు. ఫోన్ పిన్ తెలిసిన దగ్గరి మనిషే నిఘా యాప్ వేసే సందర్భాలు ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో మూడు చోట్ల వెతకాలి: యాక్సెసిబిలిటీ జాబితా, డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితా, తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి. హానికరమైన యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఎవరో ఆపేసినట్టు కనిపిస్తే అది పెద్ద సూచన. దొరికింది కదా అని వెంటనే తీసేయకండి. తీసేసిన సంగతి పెట్టినవాడికి తెలుస్తుంది. ఇంట్లో హింస ఉన్నచోట అది ప్రాణాల మీదికి రావచ్చు. ముందు నమ్మకమైన వేరే ఫోన్ నుంచి సాయం కోరి, ఆ తర్వాతే తీయాలి.

వీడియో సమావేశాల్లో మ్యూట్ నొక్కితే అవతలివాళ్లకు వినబడదు, యాప్‌కు మాత్రం చాలాసార్లు వినబడుతూనే ఉంటుంది. మ్యూట్‌లో ఉండి మాట్లాడగానే ‘మీరు మ్యూట్‌లో ఉన్నారు’ అని గుర్తుచేసేది అలాగే. హెడ్‌సెట్ తీగ మీద స్విచ్చు ఉంటే అది వాడండి, లేదా సిస్టమ్‌లోనే మైకు ఆపండి.

స్మార్ట్ స్పీకర్ల విషయంలో సెట్టింగుల మీద కన్నా మైకు బటన్ మీద ఆధారపడటం మంచిది. రికార్డింగులు కంపెనీకి పంపకుండా ఆపుకునే వీలు అమెజాన్ స్పీకర్లైన ఎకోలలో కొన్ని మోడళ్లకు ఉండేది. 2025 మార్చి 28 నుంచి అమెజాన్ దాన్ని తీసేసింది. ఇంట్లో పెట్టే నిఘా కెమెరాలను పడకగదికి, స్నానాల గదికి దూరంగా ఉంచాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాం) లక్షలాది కెమెరాలను, రౌటర్లను, వీడియో రికార్డర్లయిన డీవీఆర్‌లను లోబరుచుకున్నది మార్చని పాస్‌వర్డుల వల్లే. రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే బయటి ఇంటర్నెట్‌కు దారి తెరుచుకునే సదుపాయం) ఆపి, కెమెరాలను అతిథి వైఫైకి మళ్లించండి. మనుషులు ఇంట్లో ఉన్నంతసేపూ ప్లగ్గు తీసేయండి. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇళ్లకు నిఘా కెమెరాలు అమ్మే రింగ్ కంపెనీ మీద చేసిన ఫిర్యాదులో ముఖ్యమైన ఆరోపణ, వినియోగదారుల ఇళ్లలోని వీడియోలను ఉద్యోగులే చూశారని. 58 లక్షల డాలర్లు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది.

వాడేవాళ్లు ఎంత జాగ్రత్తపడినా కొంతవరకే. కాపలావాడికి చెప్పి రావడం వేరు, గడియ పెట్టుకోవడం వేరు. ఇప్పుడు అమ్ముతున్న పరికరాల్లో చాలావాటికి గడియే, అంటే తీగను నిజంగా తెంచే స్విచ్చే, లేదు. పెట్టె మీద బ్యాటరీ సామర్థ్యం, కెమెరా మెగాపిక్సెళ్లు అచ్చు వేస్తున్నట్టే, కెమెరా లైటు సెన్సర్ కరెంటు మీదే నడుస్తుందా, మైకు స్విచ్చు నిజంగా తీగను తెంచుతుందా లేక సాఫ్ట్‌వేర్‌కు కబురు పంపుతుందా, పరికరంలో మొత్తం ఎన్ని మైకులున్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి అన్న నాలుగు వివరాలు కంపెనీలు అచ్చు వేసేలా చట్టం చేయాలి. అది వచ్చేదాకా, మీ పత్రికలో కొత్త ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద సమీక్షలు రాసేవారు ఈ నాలుగు ప్రశ్నలూ కంపెనీలను అడిగి, జవాబులు అచ్చు వేయాలని, జవాబు రాకపోతే రాలేదని రాయాలని కోరుతున్నాం.

భవదీయులు,
పరికరాల భద్రతను పరీక్షించే ఇంజినీర్లు