బడి పండుగ కబురు ముందు రోజు రాత్రేనా?

సంపాదకులకు నమస్కారం.

మునుగోడు ప్రాంతంలోని ఒక మండల కేంద్రంలో, బస్టాండుకు ఎదురుగా నాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. మా అమ్మాయి అక్కడి ఉన్నత పాఠశాలలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో ఏ కార్యక్రమం జరగబోతున్నా దాని కాగితం ముందు నా యంత్రం మీదికి రావాల్సిందే. ఆహ్వానపత్రం, ఆటల పోటీల పట్టిక, ప్రశంసాపత్రం, అన్నీ ఇక్కడే. పోటీ ఇంకా జరగకముందే ప్రథమ బహుమతి పత్రాలు నా చేతుల మీదుగా వెచ్చవెచ్చగా బయటికి వస్తాయి. పేరు రాసే చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. కాబట్టి ఈ విషయం మీద నాలుగు మాటలు రాసే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

నా ఫిర్యాదు ఒక్కటే. ఆ కాగితాలన్నీ నా దగ్గరికి ముందు రోజు సాయంత్రం ఏడు దాటాకే వస్తాయి. అచ్చు వేసేవాడికే అప్పుడు తెలిస్తే, పత్తి చేనుకు పోయి పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లిదండ్రులకు ఎప్పుడు తెలియాలి?

గత నెల బడిలో సైన్సు ప్రదర్శన జరిగింది. మా అమ్మాయి, దాని స్నేహితురాలు కలిసి ఊరి చివర ఎవరూ వాడని బోరింగు నుంచి ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లారు. వాటిని గాజు గ్లాసులో పోసి, కొలత ప్రకారం కాస్త సున్నం, పటిక పొడి వేసి, గరిటెతో ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పారు. కాసేపటికి నీళ్లలో విరిగిన పాల తునకల లాంటివి తేలి, మెల్లగా అడుక్కు దిగాయి. పైన తేరిన నీటిని గుడ్డతో వడగట్టారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, నీటిలో ఎక్కువై ఎముకల్ని, కీళ్లను పాడుచేసే ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి రూపొందించిన ఈ పద్ధతికి పేరే ‘నల్గొండ టెక్నిక్’. టాంజానియా, ఇథియోపియా వంటి దేశాల్లో కూడా ఫ్లోరైడ్ నీటిని శుద్ధి చేయడానికి దీన్ని అదే పేరుతో వాడి చూశారు. మన జిల్లా పేరు అంత దూరం వెళ్లిందని సంతోషించాలో, వెళ్లిన కారణానికి సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మా అమ్మకు డెబ్బై దాటాయి. ఆమె ఆ బోరింగు నీళ్లే ఏళ్ల తరబడి తాగింది. మోకాళ్లు పూర్తిగా ముడుచుకోవు. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మనవరాలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసింది. ఆ అక్షరాలు పెద్దవి చేసి తీసిచ్చింది నేనే, రాత్రి తొమ్మిది గంటలకు. మర్నాడు పొద్దున నేను దుకాణం తెరిచాను, నా భార్య కూలికి వెళ్లింది, ప్రదర్శన మధ్యాహ్నానికే ముగిసింది. బడి మా ఇంటికి పెద్ద దూరం కాదు. కానీ చేతికర్ర పట్టుకుని అమ్మ అక్కడికి చేరాలంటే ఎవరో ఒకరు తోడుండాలి, మధ్యలో రెండుచోట్ల కూర్చోబెట్టాలి. రెండు రోజుల ముందు తెలిసి ఉంటే నేను దుకాణానికి తాళం వేసేవాణ్ణి. సాయంత్రం పిల్ల గ్లాసులో మిగిలిన నీళ్లు తెచ్చి చూపిస్తే అమ్మ చాలాసేపు వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. “నాకొక మాట చెబితే నేనూ వచ్చేదాన్ని కదా” అంది. ఎవరికి చెప్పమంటారు ఆ మాట? ఇప్పుడు మా ఇళ్లకు మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. బోరింగు నీళ్లు ఏం చేశాయో ఈ పిల్లలకు చూపించగలిగినవాళ్లు మా అమ్మ వయసు వాళ్లే. అలాంటి ప్రదర్శనకు వాళ్లనే పిలవకపోతే ఎలా?

అంతకు ముందు పానగల్లు యాత్ర. నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి పిల్లల్ని తీసుకెళ్లారు. కందూరు చోడుల కాలపు గుడి. అక్కడి ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. బయట సూర్యుడు జరుగుతున్నా లోపలి నీడ జరగదు. అది ఒక్క స్తంభం నీడ కాదని, ముందున్న స్తంభాల పక్కల నుంచి లోపలికి వచ్చే వెలుగంతా కలిసి చేసే పని అని సైన్సు టీచరు చెప్పారట. తిరిగొచ్చాక పిల్లలు చెప్పుల డబ్బాకు కంతలు చేసి, పెన్సిళ్లు నిలబెట్టి, టార్చిలైటుతో దాన్ని మళ్లీ చేసి చూశారు. నా దుకాణంలో ఖాళీ కాగితపు డబ్బాలు ఆ వారం ఒక్కటీ మిగల్లేదు. ఇంత మంచి చదువు ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆ టీచరుకు ఈ లేఖ ద్వారా దండం పెడుతున్నాను. కానీ బస్సు ఖర్చుల డబ్బు రేపటికల్లా తెమ్మని సాయంత్రం చెప్పడంతో మా అమ్మాయి తరగతిలోనే ఎనిమిది మంది వెళ్లలేకపోయారు. కూలి డబ్బులు మా దగ్గర శనివారం ఇస్తారు. యాత్ర గురువారం. నాలుగు రోజులు ముందు చెప్పి ఉంటే ఆ ఎనిమిది మందీ ఆ నీడను చూసేవాళ్లు.

యాత్ర పోతే పోయింది, వచ్చే ఏడు చూసుకోవచ్చు అనుకుందాం. జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష సంగతి అలా కాదు. అది ఎనిమిదో తరగతిలో ఒక్కసారే రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు, అదీ తల్లిదండ్రుల ఆదాయం మూడున్నర లక్షలు దాటని వాళ్లకే. గడువు ముగిసే రోజున ఆదాయ పత్రం, కుల పత్రం పట్టుకుని నా దుకాణానికి పరుగెత్తుకొచ్చే తండ్రుల్ని ఏటా చూస్తున్నాను. ఈ ఏడు ఒకాయనకు మీసేవలో పత్రమే చేతికి అందలేదు. చేసేది లేక ఆధార్ కార్డు రెండు ప్రతులు తీయించుకుని వెళ్లిపోయాడు. ఎందుకో ఆయనకే తెలియదు.

“వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా” అని బడివాళ్లు అంటారు. పెట్టారు, నిజమే. శుభోదయాల పూలబొమ్మల మధ్య, రాత్రి పది గంటలకు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను హైదరాబాదులో పనిచేసే అన్న దగ్గర ఉంటే ఆ కబురు ఎవరికి చేరినట్టు?

ఉపాధ్యాయుల్నే తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పై నుంచి ఆదేశం కూడా వాళ్లకు అలాగే సాయంత్రం పూట వస్తుంది. రేపు ఫలానా దినోత్సవం జరపండి, మధ్యాహ్నం మూడింటిలోగా ఫొటోలు పంపండి. ఆ ఆదేశాన్ని అచ్చు తీయించుకోవడానికి వచ్చిన సారు ముఖం చూస్తే జాలేస్తుంది. కానీ దినోత్సవాలేమీ ఆకాశం నుంచి ఊడిపడవు. రామానుజన్ పుట్టినరోజు ప్రతి ఏడూ డిసెంబరు 22నే వస్తుంది, గణిత దినోత్సవం ఆ రోజే. సైన్సు దినోత్సవం ఫిబ్రవరి 28, సి.వి.రామన్ 1928లో తన ఆవిష్కరణ ప్రకటించిన తేదీ. కాళోజీ జయంతి సెప్టెంబరు 9. ఇవి జూన్‌లో బడి తెరిచినప్పుడే తెలిసిన తేదీలు. తెలియనివల్లా ఆటల పోటీల ఎంపిక, వార్షికోత్సవం, పదో తరగతి వీడ్కోలు. ఈ మూడింటికి తేదీలు పెట్టడం కూడా బడి చేతుల్లోనే ఉంది.

తేదీలు పెట్టేటప్పుడు ఊరి లెక్క కూడా చూసుకోవాలి. నిరుడు వార్షికోత్సవాన్ని సరిగ్గా చెరువుగట్టు జాతర రోజుల్లో పెట్టారు. సగం ఊరు గట్టు మీద, సగం పిల్లలు అమ్మానాన్నల వెంట. వేదిక మీద మైకు మాట్లాడుతుంటే కింద కుర్చీలు విన్నాయి.

ఇక బస్సు. మా చుట్టుపక్కల తండాలకు చివరి పల్లెవెలుగు అయిదున్నరకు కదులుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు టికెట్టు లేదు, మంచిదే. కానీ వెళ్లిపోయిన బస్సుకు టికెట్టు ఉంటే ఎంత, లేకపోతే ఎంత? నిరుడు వార్షికోత్సవంలో బతుకమ్మ పాటకు నెల రోజులు అడుగులు నేర్చుకున్న ఇద్దరు తండా పిల్లలు, వాళ్ల వంతు రాకముందే అయిదుంబావుకు సంచీలు తీసుకుని బస్టాండుకు వచ్చేశారు. తలలో తంగేడు పూలు అలాగే ఉన్నాయి. నా దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నారు. బడి లోపలి నుంచి వాళ్ల పాట మైకులో మొదలైంది. ఒక పిల్ల కాలు కింద లయ వేస్తూనే ఉంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు. ముఖ్య అతిథుల ప్రసంగాలు మాత్రం ఆ రోజు ముందే అయిపోయాయి, ఒక్కటీ ఆగలేదు.

అందుకే మండల విద్యాధికారులను, బడుల పెద్దలను, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను కోరుతున్నాను. ఏడాదికి సరిపడా కార్యక్రమాల పట్టిక ఒక్క కాగితం మీద తెలుగులో వేయండి. బడి గోడకు, పంచాయతీ కార్యాలయానికి, బస్టాండుకు, రేషను దుకాణానికి అంటించండి. వార్షికోత్సవంలో దూరం పిల్లల పాటలు, నాటికలు ముందు పెట్టండి, ప్రసంగాలు చివరికి పెట్టండి. చివరి బస్సు ఎక్కాల్సిన వాళ్లు వక్తల్లో ఎవరూ ఉండరు, అందరికీ కార్లున్నాయి. తేదీ మారితే మారిందని అదే కాగితం మీద ఎర్ర గీత కొట్టినా చాలు. మిగిలిన కార్యక్రమాలు ఈ ఏడు ఎన్నో లేవు, గణిత దినోత్సవం, సంక్రాంతి తర్వాత ఆటలు, సైన్సు దినోత్సవం, వార్షికోత్సవం, అంతే. ఆ నాలుగు తేదీలతోనైనా మొదలుపెట్టవచ్చు.

కాగితానికి ఖర్చవుతుందని ఎవరైనా అంటే, మా మండలంలోని బడులన్నింటికీ ఆ పట్టికను నా దుకాణంలో ఉచితంగా తీసిస్తాను. రంగు కాగితం అడిగినా కాదనను. సాయంత్రం ఏడు దాటాక మాత్రం తీసుకురావద్దని మనవి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
మునుగోడు ప్రాంతం, నల్లగొండ జిల్లా