విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

మా మనవరాలు ఎల్‌కేజీ చదివే బడిలో, ఫీజు బాకీ ఉందని నలుగురు పిల్లలను మొన్న ప్రార్థన వేళ విడిగా నిలబెట్టారు. వారిలో ఒక బాబు, తన తప్పేమిటో తెలియక, నీళ్ల సీసా మూతను తిప్పుతూనే ఉన్నాడు. వెనక గోడమీద ‘ప్రేమ, కరుణ, గౌరవం’ అని రంగురంగుల అక్షరాలున్నాయి.

మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును 2020 జాతీయ విద్యావిధానం పునాది దశగా గుర్తించింది. ఆ వయసులో పిల్లలు విలువలను వేమన పద్యాలకన్నా ముందు (అవి మా బడిలో బాగానే వల్లె వేయిస్తారు) ప్రిన్సిపాల్ ఆయమ్మతో మాట్లాడే తీరులో నేర్చుకుంటారు.

తనిఖీకి వచ్చే మీ సిబ్బంది రిజిస్టర్లతో సరిపెట్టక, ఒక ఉదయం గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని ప్రిన్సిపాల్ ఎలా పలకరిస్తున్నారో చూసేలా ఏర్పాటు చేయవలసిందిగానూ, ఫీజు సంగతి పెద్దలతోనే మాట్లాడాలని గాజువాక నుంచి భీమిలి వరకు అన్ని బడులకూ రాతపూర్వకంగా ఆదేశించవలసిందిగానూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తాతయ్య, విశాఖపట్నం