శనివారం చెక్క జంతువులకు రంగులు

సభ్యులందరికీ నమస్కారం. చిలిపి చూపుల చెక్క జంతువులను మలిచే మన శిల్పిగారు ఈ శనివారం సాయంత్రం 4 గంటలకు మన గదికే వచ్చి, రంగులద్దే పద్ధతిని స్వయంగా చూపించడానికి అంగీకరించారు. పోయినసారి ఆయన తెచ్చిన, మెడ వెనక్కి తిప్పి తన తోకనే అనుమానంగా చూసుకుంటున్న జిరాఫీ మీకు గుర్తుండే ఉంటుంది.

ప్రతి ఒక్కరూ పిడికిలంత మెత్తని చెక్కముక్కను తమకు నచ్చిన జంతువు ఆకారంలో ముందే చెక్కి తీసుకురావాలి. కాళ్లు, తోక వంటి సన్నని భాగాలు చెక్కలోని నార (పొడవునా కనిపించే పోగుల గీతలు) వెంబడే ఉండేలా గీసుకోండి. నారకు అడ్డంగా చెక్కిన కాలు చిన్న దెబ్బకే విరుగుతుంది, నా మేక మూడు కాళ్లతో మిగిలింది అందుకే. 120 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 240తో నునుపు చేసి, పొడి పూర్తిగా తుడిచి, శుక్రవారం రాత్రికే ఒక పూత ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసి ఆరబెట్టండి. రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

అక్రిలిక్ రంగులు, కుంచెలు ఇక్కడ ఉంటాయి. చుక్కలు పెట్టడానికి మాత్రం కుంచె కన్నా అగ్గిపుల్ల కొసే నయం కనుక నాలుగు తెచ్చుకోండి. వార్నిష్ ఆ రోజు వేయము. రంగు లోపలిదాకా ఆరాలి.

వచ్చేవారు గురువారంలోగా ఇక్కడే పేరు తెలియజేయగలరు. పాత బట్టలు వేసుకుని రావడం మరవకండి.